కావిడి బద్ద, సైకిల్ ఫ్రేమ్

తగరపువలస దగ్గర గోస్తని వంతెన మీద తెల్లవారుజామున నిలబడితే రెండు రకాల సైకిళ్లు కనిపిస్తాయి. హైవే మీద విశాఖ నుంచి దూసుకొచ్చే రేసు సైకిళ్లు కొన్ని. క్యారియర్‌కి రెండు పక్కలా పాల క్యాన్లు కట్టుకుని నింపాదిగా వచ్చే పాత పెద్ద సైకిళ్లు కొన్ని. మొదటిది ఎనిమిది కిలోలకు అటూ ఇటూ, రెండోది ఇరవైకి దగ్గర. వంతెన అతుకు మీద చక్రం ఎక్కినప్పుడు చూడండి. రేసు సైకిల్ కుర్రాడు సీటు మీంచి లేస్తాడు. పాలాయన కదలడు.

ఈ తేడా ఎక్కడ పుట్టిందో తెలియాలంటే నూట యాభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. 1860లలో పారిస్ వీధుల్లో తిరిగిన ఇనప ఫ్రేము సైకిళ్ల కర్ర చక్రాలకు ఇనప పట్టాలుండేవి. జనం వాటిని ఎముకలు కదిపే బండి అని పిలిచారు. 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ ‘రోవర్’ తెచ్చాడు. గొలుసుతో వెనక చక్రం తిరిగే ఆ నమూనా నుంచే ఇవాళ్టి ఫ్రేము స్థిరపడింది. మూడేళ్లకి, 1888లో, బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు డన్‌లప్ గాలి టైరు చేశాడు. నన్నడిగితే సుఖం అనే సమస్య సగానికి పైగా ఆ రోజే తీరింది. తర్వాత రేసుల వాళ్లు చాలా కాలం ఆ సంగతి మరిచిపోయారు.

ఫ్రేము నుంచి మనం కోరేవి రెండు. పెడల్ బలంగా తొక్కినప్పుడు ఇరుసు దగ్గర పక్కకి ఊగకూడదు, ఊగితే మన శక్తి వృథా. గతుకు తగిలినప్పుడు మాత్రం పైకీ కిందికీ కాస్త ఒదగాలి. మన కావిడి బద్ద చేసేది అచ్చం ఇదే. వెడల్పుగా, పల్చగా చీల్చిన వెదురు బద్ద బరువుతో పైకీ కిందికీ ఊగుతుంది కానీ పక్కలకి వంగదు. గుండ్రటి గొట్టానికి ఆ గుణం లేదు. అన్ని వైపులా ఒకే బిగువు.

అందుకే మొదట్లో ఫ్రేములు చేసేవాళ్లు గొట్టం గోడ మీద పని చేశారు. 1897లో బర్మింగ్‌హామ్‌లో రెనాల్డ్స్, చివర్లు మందంగా, నడుమ పల్చగా ఉండే గొట్టానికి పేటెంటు తీసుకున్నాడు. అతుకు దగ్గర బలం, మిగతా చోట తేలిక. 1935లో ఆయన కంపెనీ మాంగనీస్, మాలిబ్డినం కలిపిన ‘531’ ఉక్కు తెచ్చింది. దశాబ్దాలపాటు రేసు సైకిళ్లలో దానిదే రాజ్యం. ఆ కంపెనీ చేరిన ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే బ్రిటిష్ సంస్థే 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్‌లో భాగస్వామి అయింది. మన హెర్క్యులిస్, బీఎస్‌ఏలు అక్కడ తయారైనవే. ఉక్కు నగరం మనదే అయినా సైకిల్ గొట్టం ఇక్కడిది కాదు. విశాఖ కర్మాగారం తీసేది కడ్డీలు, వైర్ రాడ్లు, యాంగిళ్లు. గొట్టానికి పల్చటి ఉక్కు రేకు కావాలి.

తర్వాత అల్యూమినియం వచ్చింది. ఉక్కులో మూడో వంతు బరువు, బిగువూ మూడో వంతే. ఫ్రాన్సులో వీటస్ కంపెనీ సన్నటి అల్యూమినియం గొట్టాలను జిగురుతో అతికించి ఫ్రేములు చేసింది. ఎక్కితే మెత్తగా ఉండేవి, బలంగా తొక్కితే ఊగేవి. అమెరికాలో గేరీ క్లైన్, 1983 నుంచి క్యానన్‌డేల్ కంపెనీ లావు గొట్టాలు వాడారు. గోడ మందం మార్చకుండా గొట్టం లావు రెండింతలు చేస్తే బిగువు ఎనిమిదింతలవుతుంది. ఆ సైకిళ్లు రాయిలా గట్టివని పేరు పడ్డాయి. ఒకే లోహం, రెండు స్వభావాలు! అల్యూమినియం కఠినం, ఉక్కు మెత్తన అని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు, అది తప్పు. గొట్టం లావూ మందమే తేల్చాలి.

కార్బన్ పోగుతో కావిడి బద్ద గుణం ఫ్రేములోకి వచ్చింది. పోగు ఏ దిక్కున పరిస్తే ఆ దిక్కున బలం. కింది గొట్టాన్ని లావుగా, సీటు వెనక గొట్టాలను సన్నగా, చదునుగా అచ్చులో తీయొచ్చు. రాళ్లు పరిచిన పారిస్-రూబే పందెం దారి కోసం 2004లో స్పెషలైజ్డ్ కంపెనీ ‘రూబే’, 2012లో ట్రెక్ కంపెనీ ‘డొమానే’ వచ్చాయి. డొమానేలో సీటు గొట్టాన్ని పై గొట్టానికి గట్టిగా అతికించలేదు. కీలు పెట్టి వదిలారు.

ఇంత చేసినా త్రికోణాల ఫ్రేము నిలువునా ఒదిగేది చాలా తక్కువ, టైరు ఒదిగేది దానికి ఎన్నో రెట్లు. ఇప్పుడు పాలాయన సైకిల్ చూడండి. 40 మిల్లీమీటర్ల టైరు, స్ప్రింగుల సీటు, వెనక్కి వాలిన ఫోర్కు, పొడుగాటి చక్రాల దూరం. రేసు సైకిల్ మాత్రం 23 మిల్లీమీటర్ల టైరుతో, రాయిలా గాలి నింపుకుని చాలా కాలం గడిపింది. ఈ మధ్యే 28కి, ఆపైకి వచ్చింది. లావు టైరులో తగినంత గాలి ఉంటే గతుకుల రోడ్డు మీద వేగం తగ్గదని పందేల వాళ్లూ ఒప్పుకున్నారు.

కొత్త సైకిల్ కొనేవాళ్లకి ఒక మాట. ఫ్రేము దేనితో చేశారని అడిగే ముందు, వెనక గొట్టాల మధ్య ఎంత లావు టైరు పడుతుందో అడగండి. 32 పడితే మన రోడ్లకి అదే తీసుకోండి.