కంప్యూటర్లోకి నీళ్ళెలా వచ్చాయి?

పోయిన వేసవిలో ఓ రాత్రి నా కంప్యూటర్లో నీళ్ళు కారాయి. మర్నాడు ఆఫీసులో చెబితే "బిందె పక్కన పెట్టావా ఏంటి?" అన్నాడు మా టీమ్‌లో ఒకడు. లేదు నాయనా, నీళ్ళు బయటినుంచి పడలేదు, లోపలే ఉన్నాయి. నేనే పోశాను. పది నెలలు జీతంలోంచి దాచి మరీ పోశాను.

ఈ గోల తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ప్రాసెసర్ మీదా, గ్రాఫిక్స్ కార్డు మీదా మామూలుగా ఉండే ఫ్యాన్లు తీసేసి రాగి దిమ్మలు బిగిస్తాం. వాటి లోపల సన్నటి గాళ్ళుంటాయి. ఓ చిన్న పంపు ఆ గాళ్ళ గుండా నీళ్ళు తిప్పుతుంది. వేడెక్కిన నీళ్ళు గొట్టాల్లోంచి రేడియేటర్‌కి వెళ్ళి, ఫ్యాన్ గాలికి చల్లబడి మళ్ళీ వెనక్కి వస్తాయి. ట్రాక్టర్ ఇంజన్‌కి ఉండే ఏర్పాటే ఇది. తేడా అల్లా, ట్రాక్టర్లో నీళ్ళు కారితే బండి ఆగుతుంది, ఇక్కడ కారితే లక్ష రూపాయలు ఆగుతాయి.

నా తప్పేంటంటే, అంతా రాగి అని చెప్పి అమ్మిన రేడియేటర్‌ని నమ్మి కొనడం. లోపలిది అల్యూమినియం. రాగీ అల్యూమినియం ఒకే నీళ్ళలో కలిసి ఉంటే చిన్నపాటి బ్యాటరీలాగా పనిచేస్తాయి, అందులో అల్యూమినియం నెమ్మదిగా తినబడుతుంది. ఏడు నెలలకి సూదిమొనంత చిల్లు పడింది. చుక్కలు సరిగ్గా కింద ఉన్న గ్రాఫిక్స్ కార్డు మీద పడ్డాయి. కార్డు పోయింది. నీళ్ళు తగిలినదానికి వారంటీ ఉండదన్నారు. ఫోన్లో నాన్నకి చెబితే ఆయన బాధపడలేదు, ఆశ్చర్యపోయాడు. "సర్వీసు వైరు దగ్గర రాగి తీగకీ అల్యూమినియం తీగకీ పడదని ఎన్నిసార్లు చూశావురా? నాలుగేళ్ళు ఇంజనీరింగ్‌లో ఏం చెప్పారు?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

కరెంటు పక్కన నీళ్ళు పెట్టాలన్న బుద్ధి అసలు మొదట ఎవడికి పుట్టిందిరా బాబూ అని ఆ రాత్రి కార్డు తుడుస్తూ అనుకున్నాను. ఎవరో గేమింగ్ పిచ్చోడే అయ్యుంటాడనుకున్నా. తవ్వితే తేలిందేంటంటే, ఈ పని గేమర్లకంటే మూడు దశాబ్దాల ముందే టైలు కట్టుకున్న ఐబీఎం ఇంజనీర్లు చేశారు. వాళ్ళేమీ సరదాకి చెయ్యలేదు, వేరే దారి లేక చేశారు.

ముందు నీళ్ళే ఎందుకో చూద్దాం. లీటరు నీళ్ళు ఒక డిగ్రీ పెరగడానికి ఎంత వేడి పుచ్చుకుంటాయో అది లీటరు గాలి పుచ్చుకునే వేడికి దాదాపు 3,500 రెట్లు. 500 వాట్ల వేడిని నిమిషానికి నాలుగు లీటర్ల నీటిలోకి వదిలితే నీళ్ళు రెండు డిగ్రీలు కూడా పెరగవు. అంతే వేడిని గాలితో లాగాలంటే హోరుమని ఫ్యాన్లు తిరగాలి.

1960లలో ఐబీఎం తన సిస్టమ్/360 వరసలో మోడల్ 91 అనే పెద్ద యంత్రం తయారుచేసింది. 1967లో అది నాసా వాళ్ళ గొడ్డార్డ్ కేంద్రానికి చేరింది. అందులో సర్క్యూట్ బోర్డుల మధ్య చల్లటి నీళ్ళ గొట్టాలుండేవి. బోర్డుల్లోంచి వెళ్ళే గాలి దారిలో వేడెక్కిపోతుంది కాబట్టి మధ్యమధ్యలో దాన్ని నీళ్ళతో చల్లబరిచి తర్వాతి బోర్డుకి పంపేవాళ్ళు. అంటే నీళ్ళు చిప్ దాకా ఇంకా రాలేదు, వీధి చివరిదాకా వచ్చి ఆగాయి.

గుమ్మంలోకి వచ్చింది 1980లో, ఐబీఎం 3081తో. ఇది నాకు చాలా నచ్చిన డిజైన్. అరచేతిలో పట్టేంత పింగాణీ పలక మీద వందకి పైగా చిప్స్ పక్కపక్కన పేర్చారు. మొత్తం మాడ్యూల్ వదిలే వేడి సుమారు 300 వాట్లు. చిప్ చిప్‌కీ ఎత్తులో వెంట్రుకవాసి తేడా ఉంటుంది కదా, పైన ఒకే పలక పెడితే అన్నిటికీ సమానంగా ఆనదు. అందుకని ఒక్కో చిప్ మీద ఒక్కో చిన్న అల్యూమినియం పిస్టన్ పెట్టి వెనకాల స్ప్రింగు పెట్టారు. మిగిలిన సందుల్లో వేడిని బాగా మోసే హీలియం వాయువు నింపారు. వీటన్నిటి మీదా నీళ్ళు ప్రవహించే పలక బిగించారు. గమనించండి, నీళ్ళు ఉన్న గదిలో చిప్ లేదు, చిప్ ఉన్న గదిలో నీళ్ళు లేవు. ఇంత జాగ్రత్త పడ్డవాళ్ళు ఏ రేడియేటర్ అయినా లోపల ఏముందో చూడకుండా కొని ఉండరు.

అదే కాలంలో సేమూర్ క్రే అసలు నీళ్ళజోలికే పోలేదు. 1976లో లాస్ ఆలమోస్‌కి వెళ్ళిన క్రే-1లో ఫ్రిజ్జుల్లో వాడే ఫ్రియాన్ తిరిగేది. ఆ యంత్రం తినే కరెంటు 115 కిలోవాట్లు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, చివర్లో పని ఉంది. 1985లో వచ్చిన క్రే-2 అయితే బోర్డులన్నిటినీ ఫ్లోరినర్ట్ అనే ద్రవంలో పూర్తిగా ముంచేసింది. అది కరెంటు పారని ద్రవం కాబట్టి షార్ట్ అవ్వదు. తొట్టెలో బుడగలు కనపడేవి కాబట్టి దానికి "బబుల్స్" అని ముద్దుపేరు పెట్టారు.

ఇంతకీ ఆ యంత్రాలకి అంత వేడి ఎందుకు? అప్పటి పెద్ద కంప్యూటర్లలో వాడినవి బైపోలార్ ట్రాన్సిస్టర్లు. వేగమైనవే, కానీ పనున్నా లేకపోయినా కరెంటు లాగుతూనే ఉంటాయి, అందరూ ఇంటికెళ్ళాక కూడా లైట్లన్నీ వెలుగుతున్న మన ఆఫీసుల్లాగా. సీమాస్ ట్రాన్సిస్టర్ అలా కాదు, ముఖ్యంగా సున్నా నుంచి ఒకటికో, ఒకటి నుంచి సున్నాకో మారేటప్పుడే ఖర్చు పెడుతుంది. మొదట్లో అది నెమ్మది. 1990ల మధ్యలో ఐబీఎం తన మెయిన్‌ఫ్రేములని సీమాస్‌కి మార్చినప్పుడు, కొత్త ప్రాసెసర్లు ఒక్కొక్కటిగా చూస్తే పాతవాటికంటే నిదానమే. అయినా మార్చింది. వేడి ఒక్కసారిగా తగ్గింది. గొట్టాలు, పంపులు, నీళ్ళ పలకలు అన్నీ అటకెక్కాయి. మళ్ళీ ఫ్యాన్లొచ్చాయి.

నాకు ఈ మొత్తం కథలో కీలకం ఇక్కడే అనిపిస్తుంది. పదిహేనేళ్ళ పాటు గొప్ప ఇంజనీర్లు వేడిని బయటికి లాగడంలో అద్భుతాలు చేశారు. కానీ సమస్య తీరింది వేడే పుట్టకుండా చేసినప్పుడు.

సరే, పెద్దలు వదిలేసిన విద్యని పిల్లలు ఎత్తుకున్నారు. 1998 ఆగస్టులో ఇంటెల్ సెలెరాన్ 300ఏ అని ఓ చవక ప్రాసెసర్ విడుదల చేసింది. (నేనప్పటికి ఉయ్యాల దిగి ఎన్నాళ్ళో కాలేదు, ఇదంతా చదివి తెలుసుకున్నదే.) దాని వేగం 66 మెగాహెర్ట్జ్ బస్సుకి నాలుగున్నర రెట్లు, అంటే 300. మదర్‌బోర్డులో బస్సుని 100కి పెంచితే అదే చిప్ 450కి వెళ్ళేది. చాలా చిప్స్ ఏ మొరాయింపూ లేకుండా వెళ్ళాయి కూడా. అదే నెలలో వచ్చిన 450 మెగాహెర్ట్జ్ పెంటియమ్ 2 ధరలో ఇది దాదాపు నాలుగో వంతు. ఇరవై వాట్ల లోపు చిప్ కాబట్టి దానికి నీళ్ళవసరం లేదు, చిన్న ఫ్యాన్ చాలు. కానీ ఒకసారి ఊరికే వచ్చిన వేగం రుచి మరిగాక మనిషి ఆగుతాడా? 450 వచ్చింది, 500 రాదా? 550? వోల్టేజీ పెంచారు. వోల్టేజీతో పాటు వేడి పెరిగింది. ఫ్యాన్లు చాల్లేదు.

అప్పట్లో ఈ సామాను అమ్మే షాపులు దాదాపు లేవు. అమెరికాలో, యూరప్‌లో కుర్రాళ్ళు తుక్కు కార్లలోంచి హీటర్ రేడియేటర్లు పీకారు. చలిదేశాల కార్లలో లోపల వెచ్చదనానికి డాష్‌బోర్డు వెనకాల చిన్న రేడియేటర్ ఉంటుంది, అది కంప్యూటర్‌కి సరిగ్గా సరిపోయింది. చేపల తొట్టెల పంపులు తెచ్చారు. రాగి ముక్క కొని డ్రిల్లుతో తామే గాళ్ళు తొలిచారు. కొందరైతే పైనుంచి నీళ్ళు జల్లుగా పడే గొట్టం నిలబెట్టి, కింద ఫ్యాన్ పెట్టి, ఆవిరితో చల్లబరిచారు. మన ఎండాకాలం ఎయిర్ కూలర్ అచ్చంగా ఇదే. రేడియేటర్ నీళ్ళని గది ఉష్ణోగ్రత కంటే కిందికి దించలేదు, ఆవిరి దించగలదు. కాకపోతే రోజూ నీళ్ళు పోస్తూ ఉండాలి, పైగా బందరు లాంటి ఉక్కపోత ఊళ్ళో అది పనిచెయ్యదు.

రాగితో అల్యూమినియం కలపొద్దు, కుళాయి నీళ్ళు వద్దు, డిస్టిల్డ్ వాటరే పొయ్యి, ముందు పంపు ఒక్కటీ తిప్పి జాయింట్ల కింద టిష్యూ కాగితాలు పరిచి ఒక రోజంతా చూడు, ఆ తర్వాతే మిగతావాటికి కరెంటివ్వు - ఈ నియమాలన్నీ ఆ తరం చిప్స్ కాల్చుకుని నేర్చుకున్నవి. వాళ్ళు పాతికేళ్ళ కిందట రాసిపెట్టిన మొదటి నియమం నేను కార్డు పోయాక చదివాను. మనం డాక్యుమెంటేషన్ చదివేది ప్రొడక్షన్ పడిపోయాకే కదా :)

తర్వాత 2004 వచ్చింది. అప్పటిదాకా ట్రాన్సిస్టర్ చిన్నదయ్యే కొద్దీ దానికి కావలసిన వోల్టేజీ కూడా తగ్గేది, అందుకే వేగం పెరిగినా వేడి అదుపులో ఉండేది. రాబర్ట్ డెన్నార్డ్ బృందం 1974లో చూపించిన లెక్క అది. ఆ లెక్క తప్పడం మొదలైంది. 2004 ఫిబ్రవరిలో వచ్చిన ప్రెస్కాట్ పెంటియమ్ 4, చిన్న ట్రాన్సిస్టర్లతో చేసినా ముందుదానికంటే ఎక్కువ వేడెక్కింది. దాని తర్వాత రావలసిన టేజాస్ చిప్‌ని మే నెలలో ఇంటెల్ మధ్యలోనే ఆపేసింది.

ఆపిల్ కథ ఇంకా బావుంటుంది. 2003లో స్టీవ్ జాబ్స్ జీ5 ప్రాసెసర్ ఏడాదిలో 3 గిగాహెర్ట్జ్ చేరుతుందని వేదిక మీద మాటిచ్చాడు. ఏడాదికి వచ్చింది 2.5. అది కూడా డబ్బాలో ద్రవం తిప్పితేగానీ నడవలేదు. కొన్నేళ్ళకి ఆ మ్యాక్‌లలో కొన్ని నాదానిలాగే కారాయి. 2005 జూన్లో ఆపిల్ ఇంటెల్‌కి మారుతున్నట్టు ప్రకటించింది. వాట్‌కి ఎంత పని జరుగుతుందన్నది జాబ్స్ చెప్పిన ముఖ్య కారణం. ఈసారి కూడా నీళ్ళు కొంచెం గడువిచ్చాయి, సమస్య తీరింది మాత్రం చిప్ మారాకే. పరిశ్రమంతా గిగాహెర్ట్జ్ పరుగు వదిలేసి ఒక చిప్‌లో రెండు, నాలుగు కోర్లు పెట్టడం మొదలెట్టింది. ఇవాళ మనం థ్రెడ్లతో, లాకులతో రాత్రిళ్ళు తన్నుకుంటున్నామంటే దానికి మూలం ఈ వేడే.

ఆ తర్వాత నీళ్ళు షాపులోకొచ్చాయి. ఇళ్ళల్లో వేడినీళ్ళు తిప్పడానికి లేయింగ్ కంపెనీ చేసిన డీ5 పంపు గేమర్ల ఇష్టదైవం అయింది. బ్రిటిష్ గొట్టాల మర కొలతే ఫిట్టింగులకి ప్రమాణమైంది. 2009లో కోర్సెయిర్ హెచ్50 లాంటివి, ఫ్యాక్టరీలోనే నీళ్ళు నింపి సీలు వేసినవి వచ్చాక ఎవరైనా అరగంటలో బిగించుకోవచ్చు. గాజు తలుపులు, రంగునీళ్ళు, లైట్లు ఆపైన వచ్చాయి. నేను ప్రేమించింది వీటినే, ఒప్పుకోవాలి.

పెద్దలు కూడా తిరిగొచ్చారు. ఐబీఎం 2008లో పవర్ 575 సూపర్‌కంప్యూటర్లో మళ్ళీ ప్రాసెసర్ల మీదికి నీళ్ళు తెచ్చింది. 2012లో మ్యూనిక్ దగ్గర మొదలైన సూపర్‌మక్ గోరువెచ్చటి నీళ్ళతోనే చల్లబడింది. వెచ్చటి నీళ్ళయితే బయటిగాలికే ఆరతాయి, ఏసీ యంత్రాలక్కర్లేదు. 2024లో ఎన్విడియా ప్రకటించిన ఎన్‌వీఎల్72 అనే ఒక్క బీరువాలో 72 జీపీయూలు, ద్రవంతో చల్లబడేవి, సుమారు 120 కిలోవాట్లు. క్రే-1 ఎంతన్నాను? 115. యాభై ఏళ్ళు తిరిగి అదే అంకె దగ్గరికొచ్చాం. అది చేసే పని కొన్ని కోట్ల రెట్లు పెరిగిన మాట నిజమే. కానీ ఒక గది నిండే కరెంటు ఒక బీరువాలో పడుతోందంటే చిప్ వైపు దారి మళ్ళీ ఇరుకైందనే అర్థం.

నాకు అర్థమైంది ఇది. స్లో క్వెరీకి ఇండెక్స్ వెయ్యకుండా సర్వర్లు పెంచడం లాంటిది వాటర్ కూలింగ్. ఒక్కోసారి తప్పదు, గడువు కొనుక్కోవాలి. కానీ అది గడువేనని గుర్తుండాలి.

దీన్ని నా మీదే ప్రయోగించుకున్నాను. పాతది ఇంకో కార్డు కొని, ముందు గాలి మీదే పెట్టి, దాని పవర్ లిమిట్ నాలుగో వంతు తగ్గించాను. నేనాడే ఆటల్లో తేడా కనిపెట్టలేకపోయాను. గది వేడి, ఫ్యాన్ల రొద మాత్రం తెలిసేంతగా తగ్గాయి. అంటే పది నెలల జీతంతో నేను తీర్చుకున్న సమస్యకి ఒక సెట్టింగు మారిస్తే సరిపోయేది.

అయినా సంక్రాంతి సెలవుల్లో లూప్ మళ్ళీ కట్టాను, ఈసారి రేడియేటర్ కొన గీకి లోపల రాగేనని చూసుకుని. అవసరమా అంటే లేదు. నాన్న వచ్చినప్పుడు గొట్టాలు పట్టుకు చూసి, కింద పరిచిన టిష్యూ కాగితాలు తడిమి, "పొడిగానే ఉన్నాయిరా" అన్నాడు. అప్పుడు మెయిన్ స్విచ్ వేశాను.

మీలో ఎవరైనా ఆ రోజుల్లో 300ఏని 450కి ఎక్కించినవాళ్ళుంటే కాస్త చెప్పండి, వినాలనుంది.