పద్మనాభం కొండ కింద

భీమిలికీ విజయనగరానికీ నడుమ పద్మనాభం ఉంది. కొండ మీద అనంత పద్మనాభస్వామి, కొండ కింద కుంతీమాధవస్వామి. కార్తీక అమావాస్య రాత్రి మెట్ల వెంట దీపాలు పెడితే చూడటానికి చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలొస్తాయి. నాకు మాత్రం ఆ కొండ పేరు వింటే జూలై నెల మనసులో మెదులుతుంది. 1794 జూలై 10న ఆ కొండ కింద రెండు సైన్యాలు తలపడ్డాయి. గంట గడవకుండానే ఒక రాజు నేలకొరిగాడు, ఆయనతో పాటు ఒక తరహా సైన్యమే ఈ నేల మీంచి వెళ్లిపోయింది. మళ్లీ ఆ తేదీ వస్తోంది. మన సైన్యం ఎక్కడ మొదలై ఎక్కడికి చేరిందో తలుచుకోవడానికి అంతకన్నా మంచి రోజు నాకు తోచలేదు.

పాత లెక్కలు పెద్దవి. ఒకప్పుడు ఈ నేలను ఏలిన కళింగ రాజుకు 60,000 కాల్బలం, 1,000 గుర్రాలు, 700 ఏనుగులు ఉండేవని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. కళింగ యుద్ధంలో లక్ష మంది చనిపోయారని, లక్షన్నర మందిని చెరపట్టుకుపోయారని అశోకుడు తన శాసనంలో తానే చెప్పుకున్నాడు. ఆ తర్వాత వెయ్యేళ్లకు పైగా దానాలూ బిరుదులూ కనిపిస్తాయి గానీ యుద్ధానికి వెళ్లిన మామూలు మనిషి కనిపించడు. ముఖలింగం గుడిలో శాసనాల రాళ్లను ఎంత తడిమినా, ఆ బంటు ఏం తిన్నాడో, ఎవరి కోసం చచ్చాడో తెలీదు. ఏనుగుల బలం చెప్పుకునే గజపతి బిరుదు మాత్రం మిగిలి, తర్వాతి కాలంలో విజయనగరం పూసపాటి వారి పేర్లలో చేరింది.

1757 జనవరి 24న బొబ్బిలి. ఆ కథ మన ఇళ్లలో అందరికీ తెలుసు. బుర్రకథగా విన్నాం, సినిమాగా చూశాం. విజయనగరం రాజుకు తోడొచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు బొబ్బిలి మట్టికోట బురుజులను పగలగొడుతుంటే లోపలివాళ్లు చివరిదాకా నిలబడ్డారు. మూడు రాత్రులు తిరక్కుండానే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి విజయనగరం రాజు పెద విజయరామరాజును పొడిచి చంపాడు. ఆ రాజుకు చెల్లెలని చెప్పుకునే పైడితల్లికి విజయనగరం నేటికీ సిరిమాను ఊరేగిస్తుంది. వీరుడు తన గుండె ధైర్యం మీద నిలబడి చేసిన యుద్ధాల్లో మనకు బాగా గుర్తున్నది అదే.

మరుసటి ఏడే లెక్క మారింది. ఫ్రెంచివారిని వెళ్లగొట్టడానికి విజయనగరం కొత్త రాజు ఆనంద గజపతిరాజు ఇంగ్లీషువారిని పిలిచాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో కర్నల్ ఫోర్డ్ ఎర్రకోట్లు తొడుక్కున్న తన దేశీ సిపాయిలను నిలబెట్టాడు. దూరం నుంచి చూసిన ఫ్రెంచివారు వాళ్లే తెల్లదళమనుకుని బలమంతా అటు మళ్లించారు. అసలు తెల్లదళం ఏపుగా పెరిగిన చేను చాటున ఉంది. అక్కడి నుంచి పక్కగా కాల్చేసరికి ఫ్రెంచి వరస చెదిరిపోయింది. బట్ట రంగు కూడా ఆయుధమేనని మన నేల ఆ రోజు చూసింది.

అలా ఎర్రకోటు తొడుక్కున్న మనుషులకు ఉత్తరాదిన ఏం పేరు పెట్టారో తెలుసా? తిలంగా. అంటే తెలుగువాడు. తెల్లవాళ్ల కవాతు ముందుగా నేర్చింది మద్రాసు వైపు సిపాయిలు, వాళ్లలో మనవాళ్లు బోలెడుమంది. దాంతో బెంగాల్లోనూ ఢిల్లీలోనూ ఈస్టిండియా కంపెనీ సిపాయి ఏ భాషవాడైనా జనం నోట తిలంగాయే అయ్యాడు. 1857లో ఢిల్లీ వీధుల్లోకి దూసుకొచ్చిన అవధ్ సిపాయిలను కూడా అక్కడివాళ్లు ఆ పేరుతోనే పిలిచారు. మన జాతి పేరు ఒక దేశానికి సైనికుడి పేరైపోయింది. ఈ సంగతి మన బడి పుస్తకాల్లో ఒక్క వాక్యంగానైనా ఉండాలని నా కోరిక.

ఇక పద్మనాభం.

విజయనగరం సంస్థానం కంపెనీకి కట్టాల్సిన పేష్కష్, అంటే కప్పం, బకాయి లక్షల్లో పేరుకుంది. రాజు తన సైన్యాన్ని తగ్గించుకోవాలని మద్రాసు నుంచి ఒత్తిడి. 1793లో కంపెనీ సంస్థానాన్ని స్వాధీనం చేసుకుని, చిన విజయరామరాజుకు నెలకు 1,200 రూపాయల భరణం రాసి, బందరు వెళ్లి ఉండమంది. తాతల నాటి కోట వదిలి, నెల భరణం పుచ్చుకుంటూ పరాయి ఊళ్లో బతకమనడం ఆయనకు మింగుడుపడలేదు. బందరు దారి పట్టకుండా పద్మనాభం చేరాడు. వెంట వచ్చినవాళ్లు వచ్చారు.

ఆ వచ్చినవాళ్లను ఒకసారి దగ్గరగా చూడాలి. వాళ్లకు నెల జీతం లేదు. ఒకరికి రాజిచ్చిన మొఖాసా గ్రామం, ఒకరికి చెరువు కింద నాలుగు గరిసెల పంట, ఒకరికి తండ్రి నాటి నుంచి తిన్న ఉప్పు. చేతిలో కత్తి, బల్లెం, కొందరి దగ్గర జామగీ తుపాకి. ఆ తుపాకి పేలాలంటే ఒత్తి రాజుకుని ఉండాలి. ఆషాఢపు తడిగాలికి ఒత్తి ఆరిందంటే అది తుపాకి కాదు, చేతికర్ర.

ఎదురుగా కర్నల్ ప్రెండర్‌గాస్ట్ నడిపించుకొచ్చిన కంపెనీ సిపాయిలు. చెకుముకి రాయి తుపాకులు, కొసన సంగీను. వరస కట్టమంటే కడతారు, నింపమంటే నింపుతారు, అందరూ ఒక్కసారే కాలుస్తారు. పక్కవాడు పడిపోతే వెనకవాడు ముందుకొస్తాడు. నెల తిరిగేసరికి జీతం చేతిలో పడుతుంది. అసలు బలం అక్కడే ఉందని నాకనిపిస్తుంది. మన సంస్థానాల్లో బంట్లకు జీతం బాకీ పడటం మామూలు. చెప్పిన రోజుకు చెప్పినంత ఇస్తామన్న కంపెనీ మాట ఫిరంగి కన్నా దూరం వెళ్లింది.

తెల్లవారుతూనే కంపెనీ దళం మీద పడింది. గంటలోపే అంతా ముగిసింది. విజయరామరాజు అక్కడే కూలిపోయాడు, ఆయన చుట్టూ నిలిచిన దొరల్లో చాలామంది ఆయనతోనే పోయారు. ఎనిమిదేళ్ల కొడుకు నారాయణబాబును నమ్మినవాళ్లు కొండ జమీందార్ల ఆసరాలోకి తప్పించారు. తర్వాత రాజీ కుదిరి సంస్థానం తిరిగొచ్చింది గానీ చిక్కిపోయి వచ్చింది. యుద్ధం చేసే హక్కు మాత్రం మళ్లీ రాలేదు.

నన్ను వదలని ఆలోచన ఒకటుంది. రెండు వైపులా మన నేల మనుషులున్నారు. ఒకడు రాజు ఇచ్చిన భూమికి కట్టుబడ్డాడు, ఇంకొకడు కంపెనీ ఇచ్చిన జీతానికి. ఇద్దరూ మాట తప్పలేదు. ఆ మాట మీద నమ్మకం చెడితే ఏమవుతుందో అంతకు పద్నాలుగేళ్ల ముందే విశాఖపట్నం చూసింది. 1780 అక్టోబరులో హైదరలీ మీద యుద్ధానికి ఓడెక్కి మద్రాసు పొమ్మంటే సిపాయిలు ఎక్కలేదు, దొరల మీదికే తుపాకి తిప్పారు. జీతం తీసుకున్నంత మాత్రాన మనిషి అమ్ముడుపోడు.

ఆ తర్వాతి నూరేళ్లు తొందరగా చెప్పేయొచ్చు. మద్రాసు పటాలాలు బర్మా దాకా, చైనా దాకా వెళ్లాయి. పందొమ్మిదో శతాబ్దం చివరికొచ్చేసరికి యుద్ధజాతులంటూ ఒక సిద్ధాంతం తెచ్చి, దక్షిణాదివాళ్లు పోరాటానికి పనికిరారని తేల్చేశారు. 1890లలో తెలుగువాళ్లను చేర్చుకోవడమే ఆపేశారు. ఎవరి పేరు సిపాయికి పేరైందో వాళ్లకే సిపాయి కొలువు మూసుకుపోయింది. రెండో ప్రపంచ యుద్ధం మీదికొచ్చి మనుషులు చాలకపోయాక గానీ ఆ తలుపు బాగా తెరుచుకోలేదు.

1962 జనవరి 18న విజయనగరం దగ్గర కోరుకొండలో సైనిక పాఠశాల మొదలైంది. పి.వి.జి. రాజు ఇచ్చిన ప్యాలెస్‌లో రైతు బిడ్డలూ గుమాస్తా బిడ్డలూ కవాతు నేర్చుకున్నారు. పద్మనాభంలో పడిపోయిన రాజు వారసుడు, తన భవనాన్ని దేశ సైన్యానికి అధికారులను తయారుచేసే బడికిచ్చాడు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. 2021 నుంచి అన్ని సైనిక పాఠశాలల్లో ఆడపిల్లలనూ చేర్చుకుంటున్నారు. మరుసటి ఏడాది జాతీయ రక్షణ అకాడమీ తలుపులూ వాళ్లకు తెరుచుకున్నాయి.

ఇక్కడి నుంచి కథ ఒక దారిన నడవదు. 2009 జూలైలో విశాఖలో అరిహంత్ అణు జలాంతర్గామి నీళ్లలోకి దిగింది. 2025 మే నెలలో సరిహద్దు మీద డ్రోన్లు ఎగరడం ఇంట్లో కూర్చుని టీవీలో చూశాం. యుద్ధానికి మనిషి అవసరం తగ్గుతోందని పెద్ద పెద్దవాళ్లు చెబుతున్నారు. కానీ ఇక్కడ ఉత్తరాంధ్రలో తెల్లవారుజామున నాలుగున్నరకు రోడ్డు మీదికి వస్తే వేరే సంగతి కనిపిస్తుంది. మసక చీకట్లో చెప్పుల్లేకుండా, చేతిలో సెల్‌ఫోన్ గడియారం పెట్టుకుని పిల్లలు పరుగెడుతుంటారు. మిలట్రీకి తయారవుతున్నారు. 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో పూర్తిచేస్తేనే నిండు మార్కులు. ముందు కంప్యూటర్ పరీక్ష, తర్వాతే ర్యాలీ.

2022లో వచ్చిన అగ్నిపథ్ ప్రకారం కొలువు నాలుగేళ్లు. నూటికి ఇరవై ఐదు మంది దాకా ఉంచుకుంటారు. మిగతావాళ్లు సుమారు 11.71 లక్షల సేవానిధి పుచ్చుకుని ఇంటికొస్తారు. పింఛను లేదు. కుర్ర సైన్యం కావాలి, కొత్త ఆయుధాలకు డబ్బు కావాలి అనే వాదనలో బలముంది, కాదనను. కానీ సిక్కోలు పల్లెల్లో మిలట్రీ అంటే నల్ల ట్రంకుపెట్టె, రెండు గదుల స్లాబు ఇల్లు, ముసలితనానికి పింఛను. ఆ మూడింటినీ నమ్మే తల్లులు కొడుకులను సరిహద్దుకు పంపారు.

మొన్న ఒక కుర్రాడు పరుగాపి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఆయాసం తీర్చుకుంటున్నాడు. నాలుగేళ్లకే పంపేస్తారట కదా, ఎందుకురా ఈ కష్టం అన్నాను. "పరుగు నా సేతిలో ఉంది బాబూ, ఉజ్జోగం నా సేతిలో నేదు" అని మళ్లీ అందుకున్నాడు.

వాడు తన వంతు మాట నిలబెట్టుకుంటున్నాడు. కొండ కింద పడిపోయిన బంటుకు భూమి మాట ఉండేది, ఎదుటి సిపాయికి జీతం మాట. ఈ పిల్లలకు మనం ఇచ్చే మాట నాలుగేళ్ల కన్నా పొడుగ్గా ఉండాలి. వెనక్కొచ్చిన ప్రతివాడికీ పోలీసులోనో రైల్వేలోనో ఒక కుర్చీ కచ్చితంగా చూపించే మాట కావాలి. సైన్యాన్ని ఎంత కొత్తగా మార్చినా, మార్పు అక్కడి నుంచి మొదలవ్వాలి.

ఈ జూలై 10న పద్మనాభం వెళ్లాలనిపిస్తే తెల్లవారకముందే బయల్దేరండి. దారిలో చీకట్లోంచి పరుగెత్తుకొచ్చే పిల్లలు ఎదురవుతారు. కారు పక్కకు తీసి, వాళ్లకు దారివ్వండి.