మర్ల ఎక్కించుడు

అప్‌డేట్ పడ్డాక ఆట మొరాయిస్తే, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఆటగాళ్ల నోట వచ్చే మాట ఇది: “పాతది మర్ల ఎక్కిచ్చిన.” ఇదే పనికి ఇంగ్లీషులో డౌన్‌గ్రేడ్ అని పేరు. వెర్షన్ అంకె తగ్గింది కాబట్టి ఆడేవాడు ఒక మెట్టు దిగాడని ఆ పేరు తీర్పు చెప్తుంది. మన మాటలో దిగడం ఎక్కడా లేదు. పాతదే అయినా అది ఎక్కుతుంది. పని ఒకటే అయినా ఒక భాషకు దిగుడులా, ఇంకో భాషకు ఎక్కుడులా కనిపించిందంటే, ఆ రెండు చిన్న మాటల్లో ఏముందో విప్పి చూడాల్సిందే.

ముందు ఎక్కించుడు. బండికి బస్తాలు ఎక్కిస్తాం, ఊరి భూముల రికార్డు అయిన పహాణీలో పేరు ఎక్కిస్తాం. కంప్యూటర్ దగ్గరికి వచ్చింది ఈ రెండో అర్థమేనని నా నమ్మకం. పహాణీలో పేరు ఎక్కితే భూమి మీద హక్కుకు ఆధారం దొరికేది, ఎక్కకపోతే దున్నే చేతికి రుజువు ఉండేది కాదు. నెట్ సెంటర్ల కాలంలో సీడీల నుంచి వైస్ సిటీ, కౌంటర్ స్ట్రైక్ 1.6 వంటి ఆటలను మిషన్‌లోకి ‘ఎక్కించారు’. విండోస్‌ను కూడా ఎక్కించారు. ఎక్కిందంటే దానికి అక్కడ చోటు దొరికిందని, చెల్లుబాటు వచ్చిందని అర్థం. పాత వెర్షన్‌ను ఎక్కించామని చెప్పేటప్పుడు, కొట్టివేతకు గురైన పేరును రికార్డులో తిరిగి రాయించిన తృప్తి ఆ క్రియలో వినిపిస్తుంది.

ఇక మర్ల. దీని మూలం ‘మరల’. మరలు అంటే తిరుగు. ఈ మూలం రెండు దారుల్లో నడిచింది. నడిమి అచ్చు జారి ‘మర్ల’ అయింది. రకార లకారాలు కలిసిపోయి ‘మళ్ల’ అయింది. ‘ఊరులు’ ఒకచోట ఊర్లు, మరొకచోట ఊళ్లు అయిన తీరే ఇదీ. ఆ ‘మళ్ల’లోని ళకారం తెలంగాణ నోట తేలికపడి ‘మల్ల’ అయింది. “మల్లొస్త” అంటే ఇంకోసారి వస్తానని. “ఎట్ల మల్ల?” అంటే ఇప్పుడేం దారి అని. తిరగడం నుంచి మొదలైన మాట, తర్వాతి అడుగు ఏమిటని అడిగేదాకా వచ్చింది.

“మర్ల వచ్చిండు” అన్న వాక్యాన్ని తీసుకోండి. వెళ్లినవాడు వెనక్కి వచ్చాడనీ అర్థమే, ఇంకోసారి వచ్చాడనీ అర్థమే. దారిలో వెనక్కి తిరగడం, కాలంలో ఇంకోసారి మొదలుపెట్టడం ఈ మాటలో కలిసే ఉంటాయి. పొరుగు భాషలదీ ఇదే చూపు. పెన్‌గంగ అవతల మరాఠీ వాళ్లు, ఇవతల ఆదిలాబాద్‌లోని మరాఠీ వాళ్లు ‘పరత్’ అంటారు. వెనక్కి అన్నా పరతే, ఇంకోసారి అన్నా పరతే. కన్నడంలో ‘మరళి’కీ ఈ రెండు అర్థాలున్నాయి, పైగా అది మన మరలకు తోబుట్టువు. కన్నడం మనకు దూరపు చుట్టం కాదు. కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాల బొమ్మలగుట్ట మీద పదో శతాబ్దంలో కన్నడ కవి పంపని తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన శాసనంలో సంస్కృతం, కన్నడం, తెలుగు ఒకే బండ మీద ఉన్నాయి. 

నిజాం పాలన నుంచి ఉర్దూ ‘వాపస్’ కూడా మనకు మిగిలింది. ఇచ్చిన పైసలు వాపస్ వస్తాయి, పెట్టిన దరఖాస్తు వాపస్ తీసుకుంటారు. వస్తువు బయలుదేరిన చోటికి చేరితే వాపస్ పని అయిపోతుంది. ఇంకోసారి అన్న ఆశ అందులో లేదు. అందుకే ఆటకు వాపస్ సరిపోదు, మర్ల కావాలి.

మర్లకు ఇంకో రెండు క్రియలున్నాయి. పెనం మీద జొన్నరొట్టెను మర్లేస్తారు, రెండో వైపు కాలడానికి. తరిమేవాడి మీదికి తిరిగి నిలబడితే మర్లబడ్డారంటారు. 1970ల చివర జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో రైతుకూలీలు దొరల మీద మర్లబడ్డారు. 1978లో ప్రభుత్వం ఆ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించేదాకా వెళ్లిందా మర్లబాటు. ఆటల సంగతికి అంత బరువు మోపకూడదు. అయితే మర్లడంలో ఒప్పుకోకపోవడం కూడా ఉందని ఈ క్రియ గుర్తుచేస్తుంది.

అప్‌డేట్‌ను ఒప్పుకోకపోవడానికి ఆటగాళ్ల కారణాలు గట్టివే. జీటీఏ శాన్ ఆండ్రియాస్ 2005 జూన్‌లో కంప్యూటర్లకు వచ్చింది. ఆటలో దాచి ఉంచిన ఒక అసభ్య భాగం బయటపడి గొడవ కావడంతో, దాన్ని మూసేస్తూ 1.01 వెర్షన్ వచ్చింది. కాని అభిమానులు తయారుచేసిన మాడ్‌లు (ఆటలో చేర్చే మార్పులు) చాలావరకు 1.0కు కుదిరేలా రాసినవి. కొత్త బండ్లు, కొత్త వీధులు తెచ్చుకోవాలంటే 1.0కు మర్లాల్సిందే. 2014 నవంబర్‌లో, ఆటలు అమ్మే స్టీమ్‌లో వచ్చిన అప్‌డేట్ ఆ ఆట రేడియో నుంచి కొన్ని పాటలను తీసేసింది. జీటీఏ 4లోనూ హక్కుల గడువు తీరిందని 2018లో పాటలు పోయాయి. డబ్బిచ్చి కొన్న ఆటలోంచి, కొన్న ఏళ్ల తర్వాత, పాట పోతుంది. ఆ పాటతోనే ఆ ఆటను గుర్తుపెట్టుకున్నవాడు పాత ఫైళ్లు వెతికి మర్ల ఎక్కించుకుంటే, అతను తనదాన్నే తిరిగి తెచ్చుకుంటున్నాడు.

అయితే ప్రతి ఆటా మర్లదు. కొత్త వెర్షన్‌లో దాచుకున్న సేవ్ పాతదాంట్లో తరచూ తెరుచుకోదు, కాబట్టి ముందే దాని నకలు తీసుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోన్ మామూలుగా ఎక్కువ అంకె ఉన్న యాప్ మీద తక్కువ అంకె ఉన్నదాన్ని ఎక్కనివ్వదు. ఉన్నదాన్ని తీసేసి ఎక్కించాలి, దాంతో ఫోన్‌లో ఉన్న ఆట వివరాలు పోతాయి. బీజీఎంఐ లాంటి ఆన్‌లైన్ ఆటల్లో సర్వర్ కొత్త వెర్షన్ ఉంటేనే తలుపు తీస్తుంది. 2023 సెప్టెంబర్ 27న కౌంటర్ స్ట్రైక్ 2 వచ్చి అంతకుముందున్న కౌంటర్ స్ట్రైక్ గ్లోబల్ అఫెన్సివ్ స్థానంలోనే కూర్చుంది. స్టీమ్‌లో బీటాస్ అనే మెనూలో పాతదాన్ని ఎంచుకునే వీలు ఉంచారు గాని, అధికారిక పోటీలు అందులో జరగవు. మర్లే దారి కంపెనీ చేతిలో ఉంది.

ఆ దారి తెరిస్తే ఏమవుతుందో రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ ఆట చూపించింది. మార్పులు నచ్చని ఆటగాళ్ల పోరు తర్వాత దాన్ని నడిపే జాగెక్స్ కంపెనీ 2013లో ఓటు పెట్టింది. 4 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. 2007 ఆగస్టు నాటి నకలును బయటికి తీసి 2013 ఫిబ్రవరి 22న ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌గా తెరిచారు. తర్వాత అది అక్కడే ఆగలేదు. కొత్త అంశాలను ఆటగాళ్ల ఓటుకు పెట్టి, ఒప్పుకున్నవే చేరుస్తూ పెరిగింది. వెనక్కి పోవడం, ఇంకోసారి మొదలుపెట్టడం ఒకే పని అయ్యాయి. మర్ల అన్న మాటకు ఇంతకన్నా నిండైన ఉదాహరణ నాకు తెలియదు.

మన నేల మీద కూడా ఒక పోలిక ఉంది. శ్రీరాంసాగర్ నుంచి వరదనీటిని మిడ్ మానేరు వైపు దించడానికి తవ్విన వరద కాలువలోనే, 2017లో మొదలైన పునరుజ్జీవ పథకం కింద రాంపూర్, రాజేశ్వర్‌రావుపేట, ముప్కాల్ పంపుహౌస్‌లను నీటిని ఎదురు దిశలో ఎత్తి శ్రీరాంసాగర్‌కు చేర్చడానికి కట్టారు. ఆ నీటిని మర్ల ఎక్కించడాన్ని దిగజారడం అని ఎవరూ అనరు. కింద పొలం ఉందని, దానికి తడి కావాలని అందరికీ తెలుసు.

ఇప్పుడు మెనూల్లో రాసే మాటల సంగతి. తెలుగు వికీపీడియా వెర్షన్‌కు ‘కూర్పు’ అని వాడుతోంది, చక్కని మాట. ఒకరు కూర్చింది కూర్పు కాబట్టి పాత కూర్పుకూ కొత్త కూర్పుకూ సమాన మర్యాద దక్కుతుంది. అసలు వెర్షన్ కూడా తిప్పడమన్న అర్థమున్న లాటిన్ ధాతువు వెర్తెరె నుంచి పుట్టిందే. రివర్ట్ కూడా అక్కడి నుంచే వచ్చింది. వెర్షన్ ఒక మలుపు, రివర్ట్ ఆ మలుపు దగ్గరికి మర్లడం. చేసిన మార్పును తీసేయడానికి మాత్రం మనం ‘రద్దు’ను ఎక్కువగా వాడుతున్నాం. అరబ్బీలో ఆ మాటకు తిరిగి ఇవ్వడమన్న అర్థం ఉంది, ఉర్దూ మీదుగా మన దగ్గరికి వచ్చేసరికి కొట్టివేతే మిగిలింది. రద్దు కొత్తదాని చావు గురించి చెప్తుంది, పాతదాని రాక గురించి చెప్పదు.

అందుకే తెలుగులో ఆటలు, యాప్‌లు తయారుచేసేవాళ్లు పాత వెర్షన్‌కు మర్లే బొత్తాం మీద ‘పాత కూర్పును మర్ల ఎక్కించు’ అని రాయాలని నా కోరిక. అలా రాస్తే చాలదు, దాని వెనుక పాత కూర్పు నిజంగా ఉండాలి. కొన్నవాడికి ఏ కూర్పు కావాలో ఎంచుకునే హక్కు ఉండాలి. ఈ మాటను పుట్టించిన జనం ఆ హక్కును ముందే గుర్తించారు. ఎక్కించుడు అంటే చెల్లుబాటు ఇవ్వడమని, మర్ల అంటే ఇంకోసారి మొదలుపెట్టడమని వాళ్లకు తెలుసు.