శూన్యానికి గుణం ఉందా? పెర్మిటివిటీ, ప్రవేశ్యశీలత పదాల చరిత్ర

రాజమహేంద్రవరంలో జన్మించిన కందుకూరి వీరేశలింగం ‘వివేకవర్ధని’ని ప్రారంభించింది 1874లో. అంతకు ముందు సంవత్సరమే మాక్స్‌వెల్ విద్యుదయస్కాంత గ్రంథం ఇంగ్లండులో వెలువడింది. పంతులుగారు ఖగోళ, శరీర, జంతుశాస్త్ర విషయాలను తెలుగులో రచించారు. విజ్ఞానాన్ని దేశభాషలో చెప్పాలన్న ఆ సంప్రదాయానికి నేటికీ పూర్తిగా లొంగని పదాలలో పెర్మిటివిటీ, పెర్మియబిలిటీ అనే జంట ఒకటి.

పెర్మియబిలిటీ అనే మాటను అయస్కాంతత్వానికి అన్వయించినవాడు విలియం థామ్సన్ (1872). రంధ్రాలు గల ఘనపదార్థం గుండా ద్రవం ప్రవహించడమే ఆయన తీసుకున్న ఉపమానం. గోదావరి డెల్టా రైతుకు ఇది వివరించనక్కరలేని విషయం: లంక ఇసుకలో నీరు ఇట్టే ఇంకుతుంది, బంకమట్టి చేలో నిలుస్తుంది. పెర్మిటివిటీ 1880లలో ఆలివర్ హెవిసైడ్ కల్పన. అంతరాళమంతా ఈథర్ నిండి ఉందని నమ్మిన కాలపు మాటలివి. అందుచేత ‘శూన్యం’ విలువలంటే ఆనాడు ఈథర్ గుణాలే. 1905లో ఐన్‌స్టైన్ ఈథర్ అనవసరమని చూపాడు. నేల పోయింది గాని ఇంకడం అన్న మాట మిగిలింది.

మరి ఈ రాశులు తెలిపేదేమిటి? మొదటిది ఆవేశాల మధ్య బలాన్నీ, రెండవది విద్యుత్ ప్రవాహాల మధ్య బలాన్నీ మన ప్రమాణాలతో ముడిపెడతాయి. వాటి లబ్ధపు వర్గమూలానికి వ్యుత్క్రమం కాంతివేగం, సెకనుకు 2,99,792,458 మీటర్లు. వెబర్, కోల్‌రౌష్ 1856లో విద్యుత్ ప్రయోగంతోనే కాంతివేగానికి చేరువైన సంఖ్యను రాబట్టారు. దాని అర్థాన్ని గ్రహించినవాడు మాక్స్‌వెల్. కాంతివేగం ప్రకృతిది, దానిని ఇలా రెండుగా పంచడం మాత్రం ప్రమాణవ్యవస్థ చేసిన పని. గాసియన్ ప్రమాణాలలో ఈ రెండు స్థిరాంకాలూ కనిపించవు. 2019 వరకు రెండవదాని విలువ నిర్వచనం వల్ల కచ్చితమైనది. ఆ ఏడాది మే 20 నుంచి అది కొలిచి తెలుసుకోవలసిన రాశి.

1968లో తెలుగు అకాడమి ఏర్పడిన తరువాతి పాఠ్యపుస్తక భాషలో ఒకదానికి ‘ప్రవేశ్యశీలత’ వ్యాప్తిలోకి వచ్చింది. మరొకటి పెర్మిటివిటీగానే ఉంది. తోబుట్టువులైన పదాలు ఇలా వేరుపడడం లోపమే. అయితే అనువదించిన పదమే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. శూన్యంలో దేనిలోకి ఏది ప్రవేశిస్తుందని విద్యార్థి అడిగితే సమాసం సమాధానమివ్వదు. శూన్యానికి బదులు ‘ఆకాశం’ అంటే చిక్కు మరింత పెరుగుతుంది. తర్కశాస్త్రంలో ఆకాశం శబ్దగుణం గల ద్రవ్యం. ఐన్‌స్టైన్ తొలగించిన ఈథర్ ఆ మాట వెంట మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.