వాన పడని లోయలో చెక్క దోనెలు

ఇవాళ కొంచెం దూరం పోదాం, నార్వే దాకా. పోస్టు పొడుగుంటుంది, తీరిగ్గా చదవండి.

నార్వే అనగానే మంచు, సముద్రం, చేపలు గుర్తొస్తాయి మనకు. ఆ దేశంలో నీళ్ల కోసం తిప్పలు పడ్డ రైతులుంటారని నేనైతే అనుకోలేదు. ఉన్నారు. గుడ్‌బ్రాన్స్‌డాల్ అనే పెద్ద లోయకు పడమటి కొమ్మలా ఒక చిన్న లోయ ఉంది. అందులో ఒట్టా అనే నది పారుతుంది. ఆ నదీతీరంలోదే షోక్. పేరు షోక్ గానీ అక్కడ షోకులేం లేవు, అంతా కొండా రాయీ. రెండు వేల చదరపు కిలోమీటర్లు దాటిన నేలలో ఉండేది రెండు వేల పైచిలుకు జనం. బిస్మో అనేది వాళ్ల ముఖ్య గ్రామం. సాగు చేసుకునే భూమి నది పక్కన సన్నటి పట్టీ మాత్రమే.

అక్కడ ఏడాది మొత్తంలో పడేది 300 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మన అనంతపురంలో 550 దాకా పడుతుంది, దాన్నే కరువు సీమ అంటాం. షోక్‌లో పడేది అందులో సగానికి కాస్త ఎక్కువ, అంతే. అదే నార్వేలో పడమటి తీరాన ఉన్న బెర్గెన్ పట్నంలో 2,000 మిల్లీమీటర్ల పైనే కురుస్తుంది. రెండు ఊళ్ల మధ్య నేరుగా కొలిస్తే 250 కిలోమీటర్లు కూడా లేదు.

కారణం మనకు తెలిసిందే. సముద్రం నుంచి వచ్చే మబ్బులు పడమటి కొండల మీదే దిగబోసి, ఇవతలికి ఖాళీగా వస్తాయి. పడమటి కనుమలు అనంతపురానికి చేసిందే, అక్కడి కొండలు షోక్‌కు చేశాయి. దానికి తోడు లోతులేని నేల. వేసవిలో రాత్రంటే నామమాత్రం, ఎండ బండలకు తగిలి పొలం మీదికే తిరిగొస్తుంది. బార్లీ, గడ్డి, బంగాళాదుంప నిలువునా మాడిపోతాయి. గడ్డి మాడితే ఇంకా కష్టం. చలికాలమంతా పశువులు కొట్టంలోనే ఉండాలి, మేతకు వేసవిలో కోసి దాచిన గడ్డే దిక్కు.

అలాగని నీళ్లు లేవా అంటే ఉన్నాయి. పైన కొండల్లో హిమానీనదాలు కరిగి వాగులై పారుతున్నాయి. ఉన్న చిక్కల్లా నీళ్లు పైన, పొలం కింద, మధ్యలో లోయలు, బండలు, అడవి. మధ్యయుగాల నుంచే ఈ ప్రాంతపు రైతులు కొండ వాగుల నుంచి కాలువలు లాక్కొచ్చారు. మట్టి ఉన్నచోట తవ్వారు, బండ వచ్చినచోట చెక్క దోనె వేశారు. మన ఏతం దోనె గుర్తుందా? తాటిమాను తొలిచి చేసేది. వాళ్లది చెట్టును నిలువునా చీల్చి తొలిచిన దోనె. అలాంటివి ఒకదాని కొసన ఒకటి పెట్టుకుంటూ పోవడమే. వాలు ఎక్కువైతే నీళ్లు ఎగిరిపోతాయి, తక్కువైతే ఆగిపోతాయి. ఆ వాలును ఇంజినీర్లు లేని రోజుల్లో కంటితో, అనుభవంతో పట్టారు. ఏ పొలానికి ఎంతసేపు నీళ్లో వంతులుండేవి.

1834 నుంచి 1836 దాకా శామ్యూల్ లేయింగ్ అనే స్కాట్లాండ్ పెద్దమనిషి నార్వేలో ఉండి ఒక పుస్తకం రాశాడు. అక్కడి కొండలోయల్లో ఈ దోనెలు చూసి ఆశ్చర్యపోయాడు. పెద్ద దోనె నుంచి ప్రతి రైతు పొలం తలాపున ఒక పిల్ల దోనె. అక్కణ్నించి కదిలించే దోనెలను మడుల మధ్యన పెట్టి, పొడుగు పిడి చేదలతో నీళ్లు తోడి వానలా చిమ్మేవాళ్లు. ఒక లోయలో పది మైళ్లు నడిస్తే రెండు వైపులా దోనెలే కనిపించాయట. ఒకవైపు వరుసైతే పెద్ద లోయలోకి దిగి నలభై మైళ్లు సాగిందని రాశాడు. మన లెక్కలో అరవై కిలోమీటర్ల పైమాటే.

అసలు సంగతి ఇక్కడుంది. ఆ రోజుల్లో ఇంగ్లండులో పెద్ద వాదన నడిచేది. చిన్న రైతు సోమరి, వాడివల్ల వ్యవసాయం బాగుపడదు, పెద్ద కమతాలే మేలు అని చాలామంది పండితుల మాట. జాన్ స్టూవర్ట్ మిల్ 1848లో అచ్చువేసిన తన అర్థశాస్త్ర గ్రంథంలో దానికి ఎదురు నిలిచి, లేయింగ్ రాసిన ఈ దోనెల సంగతినే సాక్ష్యంగా పెట్టాడు. తన భూమి తనదైనప్పుడు రైతు ఎంత కష్టమైనా పడతాడు, పక్కవాడితో కలిసి పనిచేస్తాడు అన్నాడు. ఇదే మిల్ అప్పుడు లండన్‌లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. 1823 నుంచి 1858 దాకా అక్కడే పనిచేశాడు. మన తెలుగు జిల్లాల్లో శిస్తు వసూలు చేసిందీ ఆ కంపెనీయే.

నార్వే రైతుకు భూమి మీద ధీమా ఊరికే రాలేదు. అక్కడ ఓడెల్ అనే పాత హక్కు ఉంది. తరతరాల పొలం బయటివాళ్ల చేతికి పోతే, ఆ వంశంవాళ్లు డబ్బు కట్టి తిరిగి తీసుకోవచ్చు. 1814 రాజ్యాంగంలోనే ఆ హక్కును రద్దు చేయకూడదని రాసుకున్నారు. షోక్ రైతులు ఇంకో అడుగు ముందుకేశారు. 18వ శతాబ్దం చివర్లో చుట్టూ ఉన్న కొండా అడవీ ఉమ్మడిగా కొనుక్కున్నారు. ఆ ఉమ్మడి ఆస్తి ఇప్పటికీ నడుస్తోంది.

అదంతా స్వర్గమని చెప్పను. నీళ్లకు మొహం వాచిన ఆ లోయలనే 1789 జులైలో వరద ముంచింది. నేల లోతుగా గడ్డకట్టి ఉంది, పైన మంచు ఆలస్యంగా కరుగుతోంది, దాని మీద కుండపోత వాన. గుడ్‌బ్రాన్స్‌డాల్, దాని చుట్టుపక్కల లోయల్లో సుమారు 70 మంది పోయారు. ఇళ్లు, పొలాలు కొట్టుకుపోయాయి. చాలా కుటుంబాలు ఉత్తరాన ఉన్న మోల్‌సెల్వ్, బార్దు లోయలకు తరలిపోయి అడవి కొట్టి మళ్లీ మొదలుపెట్టాయి.

ఇంకో మాట కూడా చెప్పాలి. హుస్‌మన్ అనేవాళ్లు ఉండేవాళ్లు అక్కడ. సొంత భూమి లేదు. పెద్ద రైతు ఇచ్చిన చిన్న చెక్కలో గుడిసె వేసుకుని, బదులుగా ఆయన పొలంలో పనిచేయాలి. ఓడెల్ హక్కు వీళ్లకు వర్తించదు. 1825 నుంచి వందేళ్లలో నార్వే నుంచి సుమారు ఎనిమిది లక్షల మంది అమెరికా ఓడ ఎక్కారంటే, అందులో ఇలాంటివాళ్లు బోలెడుమంది. భూమి ఉన్నవాడు నీళ్లు తెచ్చుకున్నాడు, లేనివాడు ఊరే వదిలాడు. మిల్ వాదన నిజమే, కానీ అది భూమి ఉన్నవాడి సగం కథ.

ఇరవయ్యో శతాబ్దంలో పైపులు, స్ప్రింక్లర్లు వచ్చాయి. చేదలతో చిమ్మిన వాన ఇప్పుడు గొట్టంలోంచి వస్తోంది.

నాకు తట్టిందొకటే. అరవై కిలోమీటర్ల దోనెలో ఒక్క చెక్క ఊడినా కింద ఉన్నవాళ్లందరికీ నీళ్లు ఆగిపోతాయి. అంటే తన పొలం దగ్గర కాకపోయినా ఎవరో ఒకరు పోయి బిగించి వచ్చారు, ఏళ్ల తరబడి. మన ఊళ్లలో కాలువ పూడిక తీయడానికి ఇంటికో మనిషి పోయే రోజులు మీలో ఎంతమందికి గుర్తున్నాయి? మీ ఊళ్లో అది ఎప్పుడు ఆగిందో, ఎందుకు ఆగిందో కింద రాయండి.