జ్ఞానదంతము - బీమా

నేడు నేను మనవి చేయబూనినది రాజుల చరిత్ర కాదు. దవడ చివర మొలచు ఒక పంటి చరిత్ర, దాని ఖర్చు నెవరు భరింపవలెనను ప్రశ్న యొక్క చరిత్ర.

మా కంగ్టి సీమ పలుభాషలు కలియు చోటు. నారాయణఖేడు తాలూకా 1956 వరకు బీదరు జిల్లాలో నుండి, ఆ యేట మెదకు జిల్లాలో జేరెను; 2016లో సంగారెడ్డి జిల్లాలోనికి వచ్చెను. ఇచ్చట తెలుగువారు జ్ఞానదంతమనుదానిని ఉర్దూవారు అకల్ దాఢ్ అనియు, మరాఠీవారు అక్కలదాఢ అనియు నందురు. బుద్ధి వికసించు ప్రాయమున, సుమారు 17 మొదలు 25 ఏండ్ల నడుమ, మొలచుటచే దానికీ పేరు గలిగెను.

దవడలో తావు చాలనప్పుడు ఈ పన్ను అడ్డముగా పరుండును. చిగురు వాచును, చీము పట్టును, నోరు తెరువరాదు. ఆ చీము గొంతునకు దిగినచో ఊపిరికే యడ్డము వచ్చును. గొంతున పుట్టు ఇట్టి ప్రాణాంతకమగు వాపును 1836లో లుడ్విగు అను జర్మను వైద్యుడు వర్ణించెను.

ఇక బీమా సంగతి. 1883లో జర్మనీ యందు బిస్మార్కు మంత్రి కార్మికులకు జబ్బు బీమా నేర్పరచెను. ఇంగ్లండులో 1948 జూలై 5వ తేదీ నుండి పంటి చికిత్సతో కూడ వైద్యమంతయు ఉచితమయ్యెను. జనము విరివిగా వచ్చుటచే ఖర్చు మితిమీరి, 1951లో కట్టుడు పండ్లకును, 1952లో పంటి చికిత్సకును రుసుము విధించిరి. మన దేశమున 1948 నాటి చట్టము ననుసరించి ఉద్యోగుల రాజ్య బీమా 1952లో కాన్పూరు, ఢిల్లీలలో మొదలయ్యెను. అది మొదట కర్మాగారములవారికే యుండెను గాని సేద్యగానికి లేకుండెను. 1986లో మెడిక్లెయిము వచ్చెను. ఆసుపత్రిలో చేరవలసినంత జబ్బైననే గాని పంటికి సొమ్ము రాదను షరతు అట్టి పత్రములలో సాధారణమయ్యెను.

బీదలకు ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబునగరు, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ప్రారంభమయ్యెను. తెలంగాణమున 2023 డిసెంబరులో దాని పరిమితి కుటుంబమునకు ఏటికి 10 లక్షల రూపాయలకు పెరిగెను. అయినను దాని ముఖ్యోద్దేశము ఆసుపత్రిలో నుంచి చేయు పెద్ద చికిత్సలే.

దీనినిబట్టి తేలునదేమి? బీమా పెద్ద నష్టమునకు జడిసి పుట్టినది; చిన్న ఖర్చును ఇంటివానికే వదలును. కాని కూలివానికి ఆ చిన్న ఖర్చే పెద్ద బరువు. అందుచే వాడు నొప్పిని దిగమ్రింగి, వాపు ముదిరిన పిదప ఆసుపత్రికి పరుగిడును. గోటితో పోవుదానికి గొడ్డలి వచ్చును. గొడ్డలికి సొమ్మిచ్చి గోటికి ఇయ్యని యేర్పాటు సరిదిద్దదగినది.

అట్లని ప్రతి జ్ఞానదంతమును పీకింపనక్కరలేదు. జబ్బులేని దానిని తీయవలదని 2000లో ఇంగ్లండు వైద్య సంస్థ యొకటి సూచించెను. బాధించు దానిని మాత్రము ఉపేక్షింపరాదు.

కాన పెద్దలకు నా విన్నపము: బీమా సొమ్ము కట్టకముందే పత్రములో పంటినిగూర్చిన షరతును చదివించి వినుడు. బీమా లేనివారికి సర్కారు దవాఖానాయే దిక్కు. హైదరాబాదులో అఫ్జల్‌గంజి వద్ద ప్రభుత్వ దంత వైద్యశాలయు గలదు. మీ యింటి పడుచువారు దవడ వాచినదన్నచో, తగ్గునులెమ్మని యూరకుండక, ఆనాడే వైద్యునికి చూపుడు.