ఒకసారి వస్తే మళ్ళీ రాదా?

"కోవిడ్ వచ్చి తగ్గిపోయింది కదా, ఇంకా టీకా ఎందుకు?" అని మన సభ్యులలో కొందరు అడుగుతుంటారు. "టీకా వేయించుకున్నా వచ్చిందే, మరి లాభమేమిటి?" అని ఇంకొందరి సందేహం. ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం వైద్య చరిత్రలో వున్నది.

ఉత్తర అట్లాంటిక్ సముద్రంలో డెన్మార్క్ ఏలుబడిలోని ఫారో దీవులకు 1781లో తట్టు వ్యాధి వచ్చింది. తర్వాత 65 సంవత్సరాలు అది అక్కడ కనిపించలేదు. 1846లో కోపెన్‌హేగన్ నుండి వచ్చిన ఒకరి ద్వారా మళ్ళీ ప్రవేశించి, సుమారు 7,800 మంది జనాభాలో 6,000 మందిని పడకేసింది. పరిశీలనకు వెళ్ళిన పీటర్ పానుం అనే యువ వైద్యుడు ఒక విశేషం గమనించాడు. 1781లో తట్టు వచ్చి తగ్గిన వృద్ధులలో ఒక్కరికీ అది తిరిగి రాలేదు. అంటే శరీరం శత్రువును 65 ఏళ్ళ తర్వాత కూడా గుర్తుపట్టిందన్నమాట.

అయితే అన్ని వ్యాధులూ తట్టు వంటివి కావు. ఇంగ్లండులోని సాలిస్‌బరీలో జలుబుపై పరిశోధనకు ప్రత్యేక కేంద్రం వుండేది. అక్కడ స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన వారి ముక్కులలో 229ఇ అనే సాధారణ కరోనా వైరస్ వేసి, ఏడాది తర్వాత అదే వైరస్ మళ్ళీ వేశారు. 1990లో ఫలితాలు ప్రచురించారు. మొదటిసారి సోకిన వారిలో ఎక్కువ మందికి వైరస్ మళ్ళీ సోకింది, కాని ఒక్కరికీ జలుబు రాలేదు. కరోనా జాతి వైరస్‌ల స్వభావం ఇదే. సోకకుండా ఆపే శక్తి త్వరగా తగ్గుతుంది. జబ్బు ముదరకుండా ఆపే శక్తి ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఇందుకు కారణమున్నది. వైరస్‌ను గుమ్మంలోనే అడ్డగించేవి యాంటీబాడీలు. ఇవి నెలలు గడిచేకొద్దీ తగ్గుతాయి. పైగా వైరస్ తన పైనున్న ముళ్ళ ఆకారం మార్చుకుంటే సరిగా పట్టుకోలేవు. 2021 నవంబరులో బయటపడిన ఒమిక్రాన్ ఆ ముళ్ళ ప్రోటీనులో 30కి పైగా మార్పులతో వచ్చింది. అందుకే టీకా వేసుకున్న వారికి, అంతకు ముందు డెల్టా వచ్చిన వారికి కూడా సోకింది. కాని లోపల కాపలా కాసే టీ-కణాలు వైరస్‌లోని అనేక భాగాలను గుర్తుంచుకుంటాయి. కొన్ని మారినా తక్కినవాటిని పోల్చుకుని జబ్బును అదుపు చేస్తాయి.

ఒమిక్రాన్ కాలపు అధ్యయనాలను క్రోడీకరించి 2023లో ప్రచురించిన లెక్కలు చూడండి. ఒకసారి కోవిడ్ వచ్చిన వారికి ఏడాది తర్వాత తీవ్రమైన జబ్బు నుండి రక్షణ సుమారు 75 శాతం, తిరిగి సోకకుండా రక్షణ 25 శాతం మాత్రమే. కోవిడ్ రావడంతోపాటు టీకా కూడా వేసుకున్న వారికి ఇవి వరుసగా 97, 42 శాతం. రెండూ కలిసినప్పుడే రక్షణ గట్టిదని స్పష్టమవుతున్నది.

అలాగని రక్షణ కోసం జబ్బు తెచ్చుకోవడం వివేకం కాదు. జబ్బు ద్వారా వచ్చే రక్షణకు ముందుగా చెల్లించవలసిన మూల్యం ఆ జబ్బే. 2021 వేసవిలో డెల్టా విజృంభించినప్పుడు ఎన్ని కుటుంబాలు ఆ మూల్యం చెల్లించాయో పెద్దలకు తెలియనిది కాదు. మన దేశంలో టీకా కార్యక్రమం 2021 జనవరి 16న మొదలై, మార్చి 1 నుండి 60 ఏళ్ళు దాటిన వారికి అందింది. హైదరాబాదులోని భారత్ బయోటెక్ కొవాగ్జిన్, పుణేలోని సీరం సంస్థ కోవిషీల్డ్ తయారుచేశాయి. అదే సంవత్సరం అక్టోబరు 21 నాటికి దేశంలో 100 కోట్ల డోసులు పూర్తయ్యాయి. అప్పటికి రెండు డోసులూ అందని పెద్దలు ఎందరో వుండగానే డెల్టా వచ్చి పోయింది.

పెన్షను ఒకసారి మంజూరైనా, ఏటా జీవన ధ్రువపత్రం ఇవ్వక తప్పదు. కరోనా విషయంలో మన శరీర రక్షణ కూడా అటువంటిదే. హక్కు పోదు గాని పునరుద్ధరణ అవసరం. వయసు పెరిగేకొద్దీ, మధుమేహం, గుండె జబ్బు వున్నకొద్దీ ఆ అవసరం మరింత ఎక్కువ. కనుక సభ్యులు "నాకు వచ్చి పోయిందిలే" అని ఊరుకోక, తదుపరి డోసు అవసరమా కాదా అన్నది తమ వైద్యుని అడిగి తెలుసుకోవలసిందిగా మనవి.